గాడ్స్ మస్ట్ బీ క్రేజీ ఇప్పుడు పిల్లలకు చూపించవచ్చా?

కృష్ణవేణి_ఫ్రిస్కో
ఈ శనివారం మా ఇంట్లో నాలుగు కుటుంబాలు పిల్లలతో కలిసి సినిమా చూద్దామనుకున్నాం. మాటలు అర్థం కాకపోయినా చిన్నపిల్లలు కూడా నవ్వాలి కదా అని గాడ్స్ మస్ట్ బీ క్రేజీ అన్నాను. అదేనండీ, కలహారి ఎడారిలో ఆకాశం నుంచి కోకాకోలా సీసా పడే సినిమా. మా తరం వాళ్ళం ఇండియాలో టీవీలో వచ్చిన ప్రతిసారీ చూశాం. హైస్కూల్లో ఉన్న మా పెద్దమ్మాయి మాత్రం "అమ్మా, అది రేసిస్ట్ సినిమా, నా ఫ్రెండ్స్ ఉండగా వేయకు" అని తెగేసి చెప్పింది. మా ఆయనేమో "అందులో ఎక్కువసార్లు బోర్లాపడేది తెల్లాయనే కదా, ఎవరికి అవమానం?" అంటున్నారు.

వేయాలా వద్దా అన్న సలహా ఒక్కటే కాదు నాకు కావలసింది. మా నాయనమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు, చాప్లిన్‌ని చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. జారిపడే కామెడీ ఏ దేశంలోనైనా ఒకటే అనుకుంటాం. అందులో రంగు, జాతి కలిస్తే అదీ అంతే సులువుగా దేశాలు దాటుతుందా? ఒకచోట నవ్వు ఇంకోచోట అవమానం ఎందుకవుతోంది? సినిమాలు బాగా తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బాబ్జీ
వేసెయ్యండి మేడమ్. ప్రతిదానికీ రేసిజం అంటే ఇక నవ్వడానికి ఏం మిగులుతుంది? ఆ జీపు చెట్టుకి వేలాడే సీను చూసి నవ్వనివాడు ఉంటాడా?

చిన్ని_పటాస్
జీపు కాదు అన్నా, ల్యాండ్ రోవర్. బ్రేకుల్లేని ల్యాండ్ రోవర్. దాని ముద్దుపేరు యాంటీక్రైస్ట్. సినిమాలో అందరికంటే బాగా నటించింది అదే.

రీలుబండి
ఆ సీనుకి నేనూ నవ్వుతాను. వించి, అంటే బండిని లాగే యంత్రం, దాని తాడు చెట్టుకొమ్మ మీదుగా చుట్టుకుని, బండి తనను తానే పైకి లాక్కుంటూ పోతుంది. ఫ్రేముల వేగం తగ్గించి షూట్ చేస్తే తెరమీద మనుషులు గబగబా కదులుతారు. మూకీల నాటి ఈ కిటుకుని దర్శకుడు జేమీ ఉయిస్ సినిమా పొడుగునా వాడాడు. అందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మొదటి పది నిమిషాలతో. ఒక గంభీరమైన గొంతు డాక్యుమెంటరీ ధోరణిలో చెప్పుకుపోతుంది: ఈ సాన్ ప్రజలకు (కలహారిలో ఉండే ఆదివాసులు, బయటివాళ్ళు పెట్టిన పేరు బుష్‌మన్) నేరం తెలియదు, శిక్ష తెలియదు, పోలీసులు లేరు, పెత్తనం లేదు, ప్రపంచంలో వీళ్ళంత తృప్తిగా ఉన్నవాళ్ళు లేరు అని. చూసినవాళ్ళు చాలామంది దాన్ని నిజమనుకున్నారు. సినిమా 1980లో వచ్చింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టంగా ఉన్న రోజులు. అప్పుడు నమీబియా కూడా వాళ్ళ చేతికిందే ఉంది. సినిమాలో ఆ సీసా పట్టుకుని నడిచే షీ వేషం వేసిన నికావ్ ఉండేది నమీబియాలోని సుమ్‌క్వే వైపు. అక్కడ ప్రభుత్వం బుష్‌మన్‌లాండ్ అని ఒక ముక్క గీసి సాన్ జనాన్ని అందులో ఉంచింది. వేటాడి బతికే నేల చాలావరకు పోయింది. రేషన్‌లో వచ్చే మొక్కజొన్న పిండి, క్షయ, తాగుడు, ఇదీ బతుకు. మగవాళ్ళలో చాలామందిని దక్షిణాఫ్రికా సైన్యం జీతానికి పెట్టుకుంది.

ఇదంతా కళ్ళారా చూడొచ్చు కూడా. అదే 1980లో జాన్ మార్షల్ అనే ఆయన నై అనే సాన్ స్త్రీ జీవితం మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆవిడ గాడ్స్ మస్ట్ బీ క్రేజీలో కూడా చిన్న వేషం వేసింది. ఆ షూటింగ్ ఎలా జరిగిందో డాక్యుమెంటరీలో కనిపిస్తుంది. ఆవిడకు వచ్చిన డబ్బు గురించి అయినవాళ్ళ మధ్య మనస్పర్థలు కూడా. అంటే, సొంతం అన్న ఊహే లేని మనుషులని సినిమాలో చెబుతున్న రోజుల్లోనే, ఆ సినిమా ఇచ్చిన కూలి గురించి అక్కడ మాటామాటా అనుకుంటున్నారు.

బెజవాడ_బాబ్జీ
సరే అన్నా, చరిత్ర నాకు తెలియదు, ఒప్పుకుంటా. కానీ సినిమాలో హీరో ఆ నికావే కదా. అందరికంటే తెలివిగలవాడు, దయగలవాడు అతనే. చివరికి పిల్లల్ని కాపాడేదీ అతనే. తెల్లాయన ఆ టీచరమ్మ ఎదురుపడితే చాలు చేతిలో ఉన్నవన్నీ పడేసుకుంటాడు. మేం ఇండియాలో నవ్వింది తెల్లవాణ్ణి చూసి. మరి మా నవ్వు రేసిజం ఎలా అవుతుంది?

రీలుబండి
మంచి ప్రశ్న. మీరు చెప్పింది నిజం, షీ పాత్ర ఎక్కడా కాలుజారి పడదు. ఎంతో హుందాగా నడుస్తాడు. నేనూ అందుకే ఆ సినిమాని ఒక్క మాటతో కొట్టిపారేయను.

అయితే ఇంకెవరు పడ్డారో కూడా చూడండి. శామ్ బోగా అనే విప్లవకారుడు, అతని ముఠా. మంత్రుల మీద కాల్పులు జరిపి పారిపోతారు, బడిపిల్లల్ని బందీలుగా పట్టుకుంటారు, ఏ పనీ సక్రమంగా చేయలేరు. వాళ్ళని చూసి కూడా పడిపడి నవ్వుతాం. అదే సమయంలో పక్కనే నమీబియాలో స్వాతంత్ర్యం కోసం నిజమైన పోరాటం నడుస్తోంది. జింబాబ్వేకి ఆ ఏడాదే స్వాతంత్ర్యం వచ్చింది. అంటే ఆ సినిమాలో నల్లమనిషికి ఉన్న చోట్లు ఇవీ: ఏమీ తెలియని పసివాడు, మంచి నౌకరు, లేకపోతే తుపాకీ పట్టుకున్న తెలివితక్కువవాడు. హక్కు అడిగే మనిషికి మాత్రం అందులో చోటు లేదు. ప్రిటోరియాలో కూర్చున్న దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి అంతకంటే అనుకూలమైన కామెడీ ఏముంటుంది? ఎవరు జారిపడ్డారన్న లెక్క చూస్తే ఇది కనపడదు.

మాస్టారు_నరసాపురం
పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట. బాబ్జీ నవ్వు కల్తీ లేనిదే. దక్షిణాఫ్రికా రాజకీయం తెలియని మనిషికి శామ్ బోగా ఒక తెలివితక్కువ దొంగ, అంతే. సీసా మన దగ్గరికి వచ్చింది గానీ దాని వెనకున్న దేశం రాలేదు. పడటం, లేవటం సరిహద్దు ఇట్టే దాటుతాయి, సందర్భం అక్కడే ఆగిపోతుంది. అమెరికాలో 1984లో విడుదలై నెలల తరబడి ఆడింది, నిరసనలూ జరిగాయి. నిరసన చేసినవాళ్ళకు దక్షిణాఫ్రికాలో ఏం జరుగుతోందో తెలుసు. నవ్వినవాళ్ళు చాలామందికి తెలియదు.

గాబరోన్_రవి
చాలా ఏళ్ళు బోట్స్వానాలో అకౌంట్స్ చేశాను, ఇక్కడ మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. సాన్ ప్రజల్ని ఇక్కడ బసార్వా అంటారు. మా ఆఫీసులో ఒకతని తల్లి బసార్వా. అతను ఈ సినిమా చూసి నవ్వేవాడే. అతనికి కోపం వచ్చేది టూరిస్టుల మీద. మంచి చొక్కా వేసుకుని, చేతిలో ఫోనుతో కనిపిస్తే "మీరు అసలైన బుష్‌మన్ కాదు" అన్నట్టు మొహం పెట్టేవాళ్ళట. "మా అమ్మ తోలుబట్ట కట్టుకుంటేనే మనిషా?" అనేవాడు.

ఇది సరదా విషయం కాదండీ. సెంట్రల్ కలహారి అభయారణ్యం నుంచి వీళ్ళను 1997లో, మళ్ళీ 2002లో బయటికి తరలించారు. వీళ్ళు కోర్టుకెళ్ళి 2006లో గెలిచారు. చట్టం తెలియని, తగాదా తెలియని మనుషులని సినిమాలో విన్నాం కదా, వాళ్ళు హైకోర్టులో ఏళ్ళ తరబడి కేసు నడిపారు.

కృష్ణవేణి_ఫ్రిస్కో
రవి గారూ, ఇది మా అమ్మాయికి చూపించాను. "ఇదే నేను చెప్పింది" అంది. నికావ్ తర్వాత ఏమయ్యారు? మిగతా సినిమాలు చేశారా?

రీలుబండి
చేశాడు. మొదటి సినిమాకి ఇచ్చింది కొన్ని వందల డాలర్లేనని పత్రికల్లో వచ్చింది. 1989లో రెండో భాగం తీసేసరికి గట్టిగా బేరమాడి ఎన్నో రెట్లు తీసుకున్నాడు. ఇటుకలతో ఇల్లు కట్టుకోవాలి, కరెంటు, నీళ్ళ పంపు కావాలి, అందుకని అడిగాడు. డబ్బు విలువ తెలియని మనిషి వేషంతో పేరు తెచ్చుకున్న మనిషి అడిగింది నీళ్ళ పంపు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది.

జపాన్‌లో ఆయన పెద్ద సెలబ్రిటీ. హాంకాంగ్ వాళ్ళు పిలిచి మూడు సినిమాలు తీశారు. మొదటిది 1991లో, క్రేజీ సఫారీ. విమానంలో తీసుకెళ్తున్న, చైనా కథల్లోని గెంతే శవం ఆఫ్రికాలో పడుతుంది. ఒకచోట నికావ్‌కి బ్రూస్ లీ పూనుతాడు కూడా! 2003లో చనిపోయాడు, క్షయ ఉండేది.

చిన్ని_పటాస్
బ్రూస్ లీ పూనడమా? శనివారానికి అదే వేసెయ్యండి అక్కా, పంచాయితీ ఉండదు.

తోలిచౌకి_తమ్ముడు
నాది తోలిచౌకి. మా గల్లీలో ఆఫ్రికా స్టూడెంట్లు చాలామంది ఉంటారు. నైజీరియా, సోమాలియా, సూడాన్, అందరినీ మనోళ్ళు ఒకే పేరుతో పిలుస్తారు, ఆ పేరు ఇక్కడ రాయను. మా పై ఫ్లోర్‌లో ఒకతను ఫార్మసీ చదివేవాడు, నాతో క్రికెట్ ఆడేవాడు. ఓ రోజు మా ఇంట్లో టీవీలో తెలుగు కామెడీ సీన్లు నడుస్తున్నాయి. అతనికి తెలుగు రాదు. కమెడియన్ వెనక్కి నడుస్తూ డ్రమ్ములో పడితే మాతోపాటే పగలబడి నవ్వాడు. రెండు సీన్ల తర్వాత, చీకట్లో నల్లటి అమ్మాయిని చూసి కమెడియన్ దెయ్యమని కేకపెట్టి పరిగెత్తాడు. మేమందరం నవ్వాం. అతను నవ్వలేదు. ఏమీ అనలేదు, టీ తాగేసి పైకి వెళ్ళిపోయాడు. భాష రాకపోయినా డ్రమ్ము జోకూ అర్థమైంది, ఆ జోకూ అర్థమైంది.

పోనీ ఆఫ్రికా మనకేమైనా కొత్తా? హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కాలంలో గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వల్ల వచ్చిన పేరు. వాళ్ళ కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. పెళ్ళిళ్ళలో మర్ఫా మోగితే అందరం డాన్స్ చేస్తాం. ఆ దరువు యెమెన్ అరబ్బుల దగ్గర్నుంచి, ఈ సిద్దీల దగ్గర్నుంచి వచ్చిందే.

శ్యామల_ఎ
తమ్ముడూ, ఆ దెయ్యం జోకు మా ఇంట్లో కూడా ఉంది, దానికి ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు. నేను నలుపు. కరెంటు పోయినప్పుడల్లా మా బావలు "శ్యామలా, పళ్ళు చూపించు, ఎక్కడున్నావో తెలుస్తుంది" అనేవాళ్ళు. అది వాళ్ళు పుట్టించిన జోకు కాదు, ఏదో సినిమాలోంచి తెచ్చుకున్నదే. నేను కూడా నవ్వాలి, నవ్వకపోతే "దీనికి కోపం ఎక్కువ" అంటారు. పెళ్ళిచూపుల దాకా ఆ జోకు నా వెంట వచ్చింది.

మన కామెడీ సీన్లలో ఒక పద్ధతి గమనించండి. కమెడియన్‌కి జోడీ అంటే నల్లగానో లావుగానో ఉండే అమ్మాయి. ముసుగు తీయగానే సౌండ్ ఎఫెక్ట్, వాడు వెనక్కి పడిపోవడం. అమ్మాయి ఏమీ చేయదు, కేవలం కనిపిస్తుంది. అదే జోకు. పడేది మగవాడే, బాబ్జీ గారి లెక్కలో అవమానం అతనికే కావాలి మరి.

బెజవాడ_బాబ్జీ
అక్కా, ఆ లెక్క మీద నాకు సమాధానం లేదు. ఆ సీన్లు నాకూ నచ్చవు.

కానీ ఒకటి అడుగుతా. వైట్ చిక్స్ సినిమాలో ఇద్దరు నల్ల అన్నదమ్ములు తెల్లరంగు పూసుకుని తెల్లమ్మాయిల వేషం వేస్తారు. దాన్ని ఎవరూ బ్యాన్ చేయమనలేదు. తెల్లవాడు నలుపు పూసుకుంటే నేరం, నల్లవాడు తెలుపు పూసుకుంటే కామెడీనా? రూల్ ఒకటే ఉండాలి కదా.

రీలుబండి
రూల్ ఒకటే ఉండాలంటే రెండిటి చరిత్రా ఒకటే అయ్యుండాలి బాబ్జీ గారూ. అమెరికాలో 19వ శతాబ్దంలో మిన్‌స్ట్రెల్ షోలని పెద్ద వ్యాపారం నడిచింది. తెల్లవాళ్ళు కాల్చిన బిరడా మసి పూసుకుని, పెదాలు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాళ్ళు సోమరులు, తిండిపోతులు, పిరికివాళ్ళు అని ఆడిపాడేవాళ్ళు. ఎదుట బానిసత్వం ఉంది, అది పోయాక కూడా నల్లవాళ్ళకు చాలాచోట్ల ఓటు లేదు, అదే థియేటర్లో పక్కన కూర్చునే హక్కు లేదు. నవ్వుకున్నవాడు ఇంటికెళ్ళి అదే నమ్మాడు. అలాంటి షోలు తెల్లవాళ్ళ మీద ఎవరూ వందేళ్ళు నడపలేదు. వైట్ చిక్స్ చూసి ఏ తెల్లమ్మాయికీ ఉద్యోగం పోదు.

ఆ మసి మూకీల్లోకి కూడా వచ్చింది. మూకీ కమెడియన్ బస్టర్ కీటన్ అంటే నాకు ప్రాణం. 1927లో కాలేజ్ అనే సినిమాలో ఆయన మొహానికి నల్లరంగు పూసుకుని వెయిటర్ ఉద్యోగంలో చేరతాడు. రంగు కాస్తా చెదిరి దొరికిపోతాడు, వంటింట్లో పనిచేసే నల్లవాళ్ళు తరుముతారు. ఆ పరుగులో శరీరం మీద ఆయనకున్న అదుపు అద్భుతం. ఆ మొహం చూస్తే మాత్రం మనసు ఒప్పదు. ఒకే షాట్‌లో రెండూ ఉన్నాయి.

సిరి_యూకే
మనం కూడా ఆ రంగు తిన్నవాళ్ళమే. 1968లో వచ్చిన ద పార్టీ చూశారా? పీటర్ సెల్లర్స్ గోధుమరంగు పూసుకుని హృండీ బక్షీ అనే ఇండియన్ నటుడి వేషం వేశాడు. మొదటి సీన్‌లో యుద్ధం జరుగుతుంటే ఈయన బూర ఊదుతూ చావాలి. అందరూ కాలుస్తారు, ఈయన చావడు. పడతాడు, లేస్తాడు, మళ్ళీ ఊదుతాడు. చివరికి సొంత సైనికులు కూడా కాలుస్తారు! తర్వాత పార్టీలో బూటు నీళ్ళలో కొట్టుకుపోయి, తిరిగి తిరిగి తినుబండారాల పళ్ళెంలోకి చేరుతుంది. మా నాన్న ఈ సినిమా అంటే పడి చస్తారు. నాకు ఆ యాస వినబడగానే బిగుసుకుపోతాను, ఎందుకంటే స్కూల్లో నన్ను ఏడిపించింది సరిగ్గా ఆ యాసతోనే. మా నాన్న ఇండియాలో, అందరూ ఇండియన్లే ఉన్న హాల్లో చూశారు. నేను క్లాసులో ఒక్కదాన్నే ఇండియన్‌ని.

మాస్టారు_నరసాపురం
సిరీ, నువ్వు చెప్పిన ఆ తేడాయే ఈ చర్చకంతా తాళంచెవి అమ్మా. జోకు అదే, హాలు వేరు.

అదే 1968లో మన దేశంలో ఏం వచ్చిందో చెప్పనా? హిందీ సినిమా పడోసన్. మెహమూద్ పిలక పెట్టి, "అయ్యయ్యో" అంటూ దక్షిణాది సంగీతం మాస్టారి వేషం వేశాడు. పాట పోటీలో ఆయన చేసిన హడావిడికి నేను ఇప్పటికీ నవ్వుతాను. కానీ ఉత్తరాదిన ఉద్యోగం చేసిన మన దక్షిణాది వాళ్ళని అడగండి, ఆ "అయ్యయ్యో" ఎన్నేళ్ళు వెంటాడిందో.

తోలిచౌకి_తమ్ముడు
మాస్టారూ, ఇంకా దగ్గరికి రండి. తెలుగు సినిమాలో ఏళ్ళకేళ్ళు తెలంగాణ యాస ఎవరికిచ్చారు? రౌడీకి, పనివాడికి, కమెడియన్‌కి. హీరో ఏ జిల్లావాడైనా వేరే భాషే మాట్లాడేవాడు. మా అమ్మ మాట్లాడే మాటలకి హాల్లో జనం నవ్వుతుంటే పక్కన కూర్చున్న నాకు ఎట్లుంటది? ఇప్పుడిప్పుడే హీరోలు మాట్లాడుతున్నారు, అది వేరే సంగతి.

గోదారి_గట్టు
శ్రీకాకుళం యాస కూడా. పెళ్ళి సీన్‌లో వంటవాడు, హాస్టల్ సీన్‌లో వాచ్‌మన్. టాపిక్ పక్కకి పోతోందా?

శ్యామల_ఎ
పోవట్లేదు. ఇదంతా ఒకటే టాపిక్.

కృష్ణవేణి_ఫ్రిస్కో
మా అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ షోలో అపూ పాత్ర గురించి 2017లో డాక్యుమెంటరీ చేసిన హరి కొండబోలు తెలుగు కుటుంబం అబ్బాయే, న్యూయార్క్‌లో పుట్టాడు. టీవీలో ఇండియన్ అంటే కొట్టువాడు అపూ తప్ప వేరే మనిషి లేని రోజుల్లో పెరిగానని అతని బాధ. అపూకి గొంతిచ్చిన హ్యాంక్ అజారియా, ఆ గొంతుకి కొంత ప్రేరణ ద పార్టీలో పీటర్ సెల్లర్సే అని చెప్పాడట. సిరి చెప్పిన యాస అలా నడుచుకుంటూ సింప్సన్స్ దాకా వచ్చింది!

రీలుబండి
అపూ అన్న పేరు సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపూ నుంచి తీసుకున్నదే. ప్రపంచ సినిమాలో మన దేశపు అతి సున్నితమైన పాత్రల్లో ఒకటి, ఆ పేరు కొట్టువాడికి పెట్టారు. ఇష్టంతోనే పెట్టి ఉండొచ్చు. అజారియా 2020లో ఆ గొంతు ఇవ్వడం మానేశాడు, తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు.

బెజవాడ_బాబ్జీ
అపూ నాకిష్టం. కష్టపడతాడు, కొట్టు నడుపుతాడు, పీహెచ్‌డీ ఉంది. ఇక్కడ నా ఫ్రెండ్స్ ఎవరికీ అపూ మీద కోపం లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకే ఈ కోపాలు.

సిరి_యూకే
అవును బాబ్జీ గారూ, ఎందుకంటే మీరు షాపుకెళ్తే మిమ్మల్నెవరూ అపూ అని పిలవరు. దెబ్బ తగిలేచోట ఉన్నవాడికే నొప్పి. అలాగని మీరు నవ్వడం తప్పని నేననను. మా నాన్నని కూడా అనలేదు.

ఇక్కడ మావాళ్ళు ఇంకో పని చేశారు. పీటర్ సెల్లర్స్ 1960లో ఇండియన్ డాక్టర్ వేషం వేసి, సోఫియా లోరెన్‌తో గుడ్‌నెస్ గ్రేషియస్ మీ అని పాట పాడాడు. ఆ పేరే పెట్టి బ్రిటిష్ ఏషియన్లు 1998 నుంచి 2001 దాకా బీబీసీలో కామెడీ షో నడిపారు. అందులో ఒక స్కిట్: బొంబాయిలో కుర్రాళ్ళు తాగి ఇంగ్లీష్ రెస్టారెంట్‌కి వెళ్తారు. వెయిటర్ పేరు సరిగ్గా పలకరు, అరుస్తారు, మెనూలో ఉన్నవాటిలో అన్నిటికంటే చప్పటిది ఏదో అది తెమ్మంటారు. ప్రతి శుక్రవారం రాత్రి ఇక్కడి కర్రీ హౌసుల్లో తాగొచ్చిన తెల్లవాళ్ళతో మనవాళ్ళు పడే అవస్థ అచ్చంగా అదే. తెల్లవాళ్ళు కూడా పగలబడి నవ్వారు, తమని తాము గుర్తుపట్టారు కాబట్టి. ఆ స్కిట్ చూసిన మర్నాడు స్కూల్లో నా నడకే మారిపోయింది.

చిన్ని_పటాస్
చప్పటిది తెమ్మని అరవడం మా బాబాయ్ ఆవకాయ ఎక్కువైనప్పుడు చేస్తాడు.

గాబరోన్_రవి
జాకీ చాన్ సంగతి ఎవరూ ఎత్తలేదే? రష్ అవర్‌లో బార్ సీను గుర్తుందా? జాకీ పక్కన నటించిన నల్లజాతి కమెడియన్ క్రిస్ టక్కర్ లోపలికెళ్తూ నల్లవాళ్ళు తమలో తాము వాడుకునే పలకరింపు వాడతాడు. వెనకాలే వచ్చిన జాకీ, మర్యాద అనుకుని అదే మాట బార్‌లో ఉన్నతనితో అంటాడు. ఇక కొట్లాట మొదలు. ఇక్కడ ఆఫీసులో అందరం కలిసి చూశాం, అందరూ నవ్వారు. ఆ సీన్‌లో రంగు మీద జోకు ఎవర్నీ కించపరచదు. ఒక మాట ఎవరి నోట ఎలా మారిపోతుందో అదే కథ. తర్వాత వచ్చే ఫైటింగ్‌కి ఏ భాషా అక్కర్లేదు.

రీలుబండి
ఆ సీను మంచి ఉదాహరణ. చిత్రమేమిటంటే జాకీ చాన్‌కే ఆ సినిమా అంతగా నచ్చలేదు, అమెరికన్లు ఎందుకు నవ్వుతున్నారో తనకి అర్థం కాలేదని చెప్పాడు. కీటన్, అదే మూకీల కాలపు హెరాల్డ్ లాయిడ్ చేసినవి మాత్రం ఆయనకి క్షుణ్ణంగా అర్థమయ్యాయి. 1983లో ప్రాజెక్ట్ ఎ సినిమాలో గడియారం స్తంభం మీంచి పడటం లాయిడ్‌కి నమస్కారం, 1987లో రెండో భాగంలో గోడ వచ్చి తన మీద పడటం కీటన్‌కి నమస్కారం. పడటం నేర్చుకోవడానికి అనువాదం అవసరం పడలేదు. క్రిస్ టక్కర్ నోటి జోకులు మాత్రం దాటలేదు.

మాస్టారు_నరసాపురం
జపాన్ గొడవ కూడా చెప్పుకోవాలి. 2017 డిసెంబర్ 31 రాత్రి అక్కడ లక్షలమంది చూసే కామెడీ షోలో హమదా అనే పెద్ద కమెడియన్ అమెరికా నల్లజాతి నటుడు ఎడ్డీ మర్ఫీ వేషం అని ముఖానికి నలుపు పూసుకుని వచ్చాడు. "మాకు మిన్‌స్ట్రెల్ షోల చరిత్ర లేదు, మా ఉద్దేశం అది కాదు" అన్నారు సమర్థించినవాళ్ళు. అక్కడే ఉండే నల్లజాతి రచయిత బే మెక్‌నీల్ మా చర్మం నవ్వులాటకి వేషం కాదని గట్టిగా రాశాడు. మరో నెలన్నరకి చైనాలో పండగ రాత్రి టీవీ కార్యక్రమంలో ఒక చైనా నటి మొహానికి నలుపు పూసి, వెనక దిండు కట్టి ఆఫ్రికా తల్లిని చేశారు, పక్కన కోతి వేషం. ఆఫ్రికాతో స్నేహం అని చెప్పే స్కిట్ అది! చరిత్ర లేదన్న మాట నాకు ఒప్పదగ్గది కాదు. ఆ వేషం ఎక్కడినుంచి నేర్చుకున్నారు? దిగుమతి చేసుకున్నదే కదా. వేషం దిగుమతి చేసుకుంటే దాని పాపం కూడా తోడు వస్తుంది.

బెజవాడ_బాబ్జీ
మాస్టారూ, పాపం అంటే పెద్ద మాట. తెలియక చేసినవాడు, తెలిసి చేసినవాడు ఒకటే ఎలా అవుతారు? ఇందాక నా నవ్వు కల్తీ లేనిదని మీరే అన్నారు.

మాస్టారు_నరసాపురం
నవ్వినవాడిని ఇప్పుడూ అనను బాబ్జీ. టీవీ స్టేషన్‌లో కూర్చుని, కోటానుకోట్ల మంది చూసే స్కిట్ రాసినవాడికి తెలుసుకునే బాధ్యత ఉంది. నీకూ వాడికీ ఆ తేడా ఉంది.

బెజవాడ_బాబ్జీ
అది ఒప్పుకుంటా. రాసేవాడు వేరే.

శ్యామల_ఎ
నేను ఒప్పుకోను. మా బావలు రాసేవాళ్ళు కాదు. విని నవ్వి, ఇంటికి తెచ్చి వాడారు. నవ్వేవాళ్ళు లేకపోతే ఆ సీను రెండోసారి ఎవరూ తీయరు.

కృష్ణవేణి_ఫ్రిస్కో
నేనూ మా అమ్మాయీ ఒక మాటకొచ్చాం. చిన్నపిల్లలకి సేఫ్టీ లాస్ట్ వేస్తున్నాం, లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడేది. వాళ్ళు పడుకున్నాక పెద్దపిల్లలతో కూర్చుని గాడ్స్ మస్ట్ బీ క్రేజీ, మధ్యలో ఆపుతూ. రీలుబండి గారు చెప్పిన నై డాక్యుమెంటరీ కూడా కలిపి చూస్తాం. మా ఆయన మాత్రం ల్యాండ్ రోవర్ సీన్‌లో ఆపడానికి వీల్లేదన్నారు.

గోదారి_గట్టు
నల్లవాళ్ళే తీసిన, నల్లవాళ్ళే ఆడిన పాత కామెడీలు లేవా? ఇంతసేపూ వాళ్ళ మీద తీసినవే మాట్లాడుకున్నాం.

రీలుబండి
పూర్తిగా వాళ్ళే తీసినవి కాకపోయినా, వాళ్ళ చేయి ఉన్నవి ఉన్నాయి. బ్లేజింగ్ శాడిల్స్ అందరూ చెబుతారు. 1974, మెల్ బ్రూక్స్ దర్శకుడు, రాసినవాళ్ళలో నల్లజాతి కమెడియన్ రిచర్డ్ ప్రయర్ ఒకడు. నల్ల షెరీఫ్ ఊళ్ళోకి రాగానే తెల్లవాళ్ళు తుపాకులెత్తుతారు. అతను తన తుపాకి తన మెడకే పెట్టుకుని, తననే బందీగా పట్టుకుని, "కదిలారంటే వీణ్ణి చంపేస్తా" అన్నట్టు ఊరందరినీ బెదిరించి బయటపడతాడు. ఊరి మూర్ఖత్వం మీద అంత మంచి శరీరపు కామెడీ నేను చూడలేదు. షెరీఫ్‌గా ప్రయరే వేయాల్సింది, స్టూడియో ఒప్పుకోలేదు. క్లీవన్ లిటిల్ వేశాడు.

ఇంకా వెనక్కి వెళ్తే బర్ట్ విలియమ్స్. నల్లజాతి కమెడియన్, జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పేరున్న స్టేజీ షోలో 1910లో తెల్లవాళ్ళతో సమానంగా స్టేజీ ఎక్కినవాడు. నల్లవాడయ్యుండి కూడా మొహానికి మసి పూసుకునే ఆడాల్సి వచ్చింది. 1913లో ఆయన హీరోగా దాదాపు అందరూ నల్లవాళ్ళే నటించిన సినిమా ఒకటి తీశారు, లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే. విడుదల కాలేదు. ఆ రీళ్ళు న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉండిపోయాయి, సరిచేసి 2014లో చూపించారు. అందులో విలియమ్స్ మొహానికి మాత్రమే మసి. చుట్టూ ఉన్నవాళ్ళు మామూలుగా, సూట్లు, టోపీలు, మంచి గౌన్లతో ఉంటారు. రంగులరాట్నం ఎక్కుతారు, డాన్స్ చేస్తారు, ఆయన తను ప్రేమించిన అమ్మాయిని ముద్దు పెట్టుకుంటాడు. షాట్‌కీ షాట్‌కీ మధ్య నటులు తమలో తాము నవ్వుకుంటూ నిలబడిన ముక్కలు కూడా అందులో మిగిలాయి.

తోలిచౌకి_తమ్ముడు
అన్నా, అది ఆన్‌లైన్‌లో ఉందా? మా పై ఫ్లోర్ అతను ఇప్పుడు లాగోస్‌లో ఉన్నాడు, పంపిస్తా.

రీలుబండి
దాని గురించి మ్యూజియం వాళ్ళు పెట్టిన వీడియో ముక్కలు దొరుకుతాయి, సినిమా పేరుతో వెతుకు. విలియమ్స్‌దే 1916లో వచ్చిన ఎ నాచురల్ బోర్న్ గ్యాంబ్లర్ కూడా పంపు. అందులో చివర జైల్లో ఒంటరిగా కూర్చుని, పేకలు లేకుండా పేకాట ఆడతాడు. ముక్కలు పంచుతాడు, ఎదుటివాళ్ళని అనుమానంగా చూస్తాడు, పందెం కాస్తాడు, తను ఒక్కడే ఉన్న గదిలో ఓడిపోతాడు. ఒక్క మాట లేదు.

శ్యామల_ఎ
ఇప్పుడే చూశాను ఆ పేకాట సీను. మా ఇంట్లో అందరికీ పంపాను, బావలతో సహా.